వానల్లో ఆటో: మూడు చక్రాల మీద మన అపోహలు, అసలు సంగతులు

కాలువలకు నీళ్ళు వదిలి, చేలల్లో దమ్ములు మొదలయ్యాయంటే డెల్టాలో ఆటో నడపడం వేరే పని అయిపోతుంది. మే నెలలో దుమ్ము లేపుకుంటూ వెళ్ళిన గట్టు రోడ్డు మీదే జులైలో అడుగు తీసి అడుగు వేయాలంటే ఆలోచించాలి. అమలాపురం చుట్టుపక్కల ఆటో నడుపుతూ, కొత్తగా హ్యాండిల్ పట్టే కుర్రాళ్ళకు నేర్పుతూ ఉంటాను. క్లచ్, గేర్లు వాళ్ళకు తొందరగానే వస్తాయి. స్టాండులో విని, తలలో నాటుకుపోయిన నమ్మకాలు తీయడమే కష్టం. మన ఆటోల్లో ఎక్కేది బడి పిల్లలు, ఆస్పత్రికి వెళ్ళే ముసలివాళ్ళు, సంతకు వెళ్ళే ఆడవాళ్ళు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

అపోహ: "ఆయ్, మూడు చక్రాలు కదండీ, జారినా ఎలా పడుద్దండి?"

వాస్తవం: ఇదే అన్నిటికన్నా పెద్ద అపోహ, దీని దగ్గర కాసేపు ఆగాలి.

మూడు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలబడుతుంది. దాని మీద కూర్చుని రెండు కాళ్ళ మధ్య వైపుకు ఒరిగితే మాత్రం ఇట్టే బోల్తా పడుతుంది. ఆటో కూడా అంతే. ముందు ఒక చక్రం, వెనక రెండు. ఈ మూడింటినీ కలిపి గీత గీస్తే త్రికోణం వస్తుంది. బండి బరువు ఆ త్రికోణం లోపల ఉన్నంతసేపూ భయం లేదు. వెనక వెడల్పు ఎక్కువ, ముందుకు వచ్చేకొద్దీ తక్కువ. బ్రేకు కొడితే బరువు ముందుకు, అంటే ఇరుకు వైపుకు వస్తుంది. మలుపు తిప్పితే బయటి పక్కకు పోతుంది. మలుపులో ఉండగా బ్రేకు కొడితే రెండూ ఒకేసారి జరుగుతాయి.

లెక్కలో చెప్పాలంటే, అదే వెడల్పు, అదే ఎత్తు ఉన్న నాలుగు చక్రాల బండి పక్కన ఆటోను పెట్టి చూడండి. ఆటో బరువులో మూడింట రెండు వంతులు వెనక చక్రాల మీద ఉందనుకుంటే, మలుపులో తిరగబడకుండా తట్టుకునే శక్తి కూడా ఆ బండికున్న దాంట్లో మూడింట రెండు వంతులే ఉంటుంది. బరువు ముందుకు జరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది.

ఇక జారడం సంగతి. బండి బురదలో జారుతున్నంతసేపూ తిరగబడదు, ఆ మాట నిజమే, ఎందుకంటే టైరుకు పక్కకు పట్టు లేదు. కానీ అడ్డంగా జారుకుంటూ వెళ్ళి పొడి తారు మీదకో, రోడ్డు అంచుకో, గుంత గట్టుకో తగిలి టైరు ఒక్కసారిగా పట్టుకుంటుంది చూడండి, అప్పుడు తిరగబడుతుంది. మంచు కురిసే దేశాల్లో మోటార్‌సైకిల్‌కు పక్కన తొట్టి తగిలించి మూడు చక్రాల మీద తిరిగేవాళ్ళకూ ఇదే గండం. మంచు మీద సరదాగా పక్కకు జారించే వీడియోలు మన కుర్రాళ్ళు ఫోనుల్లో చూస్తుంటారు. అక్కడ కూడా మంచు గడ్డ అయిపోయి పొడి రోడ్డు మొదలయ్యే చోటే ప్రమాదం. కాబట్టి జారుడు అయిపోయి మంచి రోడ్డు కనపడగానే హమ్మయ్య అనుకుని హ్యాండిల్ తిప్పకండి. మూడు చక్రాలూ గట్టి నేల మీదకు తిన్నగా వచ్చాక తిప్పండి.

అపోహ: ముందు చక్రం జారితే హ్యాండిల్ ఇంకా తిప్పాలి.

వాస్తవం: ఆటోకు దారి చూపేది ఒక్క చక్రమే. దాని మీద పడే బరువూ తక్కువే. తిప్పినా బండి తిన్నగా పోతోందంటే ఆ టైరుకు ఉన్న పట్టు అయిపోయిందని అర్థం. ఇంకా తిప్పితే అది అడ్డంగా నిలబడి బురదను తోసుకుంటూ పోతుంది. పైగా పట్టు దొరికిన క్షణంలో బండిని ఒక్క విసురు విసురుతుంది. చేయాల్సింది రెండే: యాక్సిలరేటర్ మెల్లగా వదలండి, హ్యాండిల్‌ను కాస్త వెనక్కి తిప్పి తిన్నగా తీసుకురండి. చక్రం మళ్ళీ దొర్లడం మొదలుపెట్టాక బండి మాట వింటుంది. చెప్పడానికి తేలికే, భయంలో చేతులు ఒప్పుకోవు. అందుకే కొత్తవాళ్ళను ఖాళీ మైదానంలో, వాన పడ్డాక, మొదటి గేరులోనే ఇది చేయించి చూపిస్తాను.

అపోహ: ట్రాక్టరు వెళ్ళిన గాడిలో వెళ్తే సేఫ్.

వాస్తవం: కారుకూ ట్రాక్టరుకూ అది నిజం. వాటి ముందు, వెనక చక్రాలు ఒకే గాడిలో నడుస్తాయి. ఆటో వెనక చక్రాలు రెండూ గాళ్ళ దగ్గర్లో నడిస్తే, ముందు చక్రం మాత్రం వాటి మధ్య లేచిన మట్టి దిబ్బ మీద నడుస్తుంది. వానాకాలంలో ఆ దిబ్బే అన్నిటికన్నా మెత్తగా, జిగురుగా ఉంటుంది. మంచు దేశాల్లో కార్లు వెళ్ళిన గాళ్ళ మధ్య మిగిలే మంచు గట్టు మూడు చక్రాల వాళ్ళను ఇలాగే ఏడిపిస్తుంది.

అలాగని ముందు చక్రాన్ని గాడిలోకి దించితే వెనక చక్రాల్లో ఒకటి దిబ్బ ఎక్కుతుంది, రెండోది రోడ్డు అంచుకు పోతుంది. మామూలు రోడ్డు మీద సరే గానీ, కాలువ గట్టు మీద ఈ పని చేయొద్దు. వానకు నానిన గట్టు అంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, బరువు పడగానే జారి కాలువలో కలుస్తుంది. అలాంటి చోట దిబ్బ మీదే, నడక వేగంతో, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని పోవడం మేలు. ఎదురుగా బండి వస్తోందా? వెడల్పు ఉన్న చోట ముందే ఆగండి. గట్టు మీద అంచుకు దిగి దారి ఇవ్వడం మర్యాద అనుకోవద్దు.

అపోహ: బురదలో టైరుకు గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది.

వాస్తవం: ఇది ఓడలరేవు, అంతర్వేది సముద్రపు ఇసుకలో బండి దించినవాళ్ళు తెచ్చిన మాట. లోతైన పొడి ఇసుకలో అది నిజమే, టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడదు. మన రేగడి, ఒండ్రు బురద సంగతి వేరు. రోడ్డు మీద పైన పలచటి బురద, కింద గట్టి నేల ఉంటాయి. టైరు ఆ పొరను కోసుకుని కింది నేలను అందుకోవాలి. మెత్తబడ్డ టైరు దాని మీద పరుచుకుని జారుతుంది. బజాజ్ ఆటోకు ఉండేది 8 అంగుళాల రిమ్ము. అంత చిన్న చక్రానికి గాలి తగ్గించి లోడు వేస్తే రిమ్ము లోపల టైరు తిరిగి ట్యూబు మూతి తెగిపోవచ్చు.

నీళ్ళు నిలిచిన తారు రోడ్డు మీద ఇంకో చిక్కు ఉంది. టైరు నీటి మీద తేలే వేగం గాలి ఒత్తిడిని బట్టి ఉంటుందని నాసా పరిశోధకులు 1960లలో విమానం టైర్ల మీద తేల్చారు. ఆ లెక్కన గాలి ఒత్తిడి 30 పీఎస్‌ఐ (గేజిలో చూపించే కొలత) ఉన్న టైరు గంటకు 90 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. అది 15కు పడిపోతే 65 దగ్గరే తేలుతుంది. ఆటో మామూలు వేగానికి, గాలి సరిగ్గా ఉంటే, పూర్తిగా తేలడం అరుదు. 216 హైవే మీద ఖాళీ బండిని తొక్కేసేవాళ్ళు మాత్రం గాలి చూసుకోవాలి. కంపెనీ రాసిన ఒత్తిడి ఎంతో అంత ఉంచండి, వానాకాలంలో వారానికోసారి గేజి పెట్టి చూపించుకోండి. కాలితో తన్ని చూస్తే తెలియదు.

అపోహ: బురద ఉన్న చోటే జారుతుంది.

వాస్తవం: కొబ్బరితోటల మధ్య సిమెంటు రోడ్లు చూడండి. ఎండ తగలదు, శ్రావణం వచ్చేసరికి పాకుడు పట్టేస్తుంది. పైకి తడి సిమెంటులాగే కనిపిస్తుంది. మన డెల్టాలో ఐసుకు దగ్గరగా ఉండేది ఏదైనా ఉందంటే అదే. కొత్త టైరైనా, పాత టైరైనా దాని మీద ఒకటే. నల్లగా, పచ్చగా మెరుస్తున్న చోటికి ముందే గేరు తగ్గించి, మీద ఉండగా బ్రేకు ముట్టుకోకుండా దాటాలి.

ఇంకా ఉన్నాయి. చాలా రోజుల ఎండ తర్వాత పడిన మొదటి వాన, రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము కలిసి పలచటి పొర అవుతుంది. రొయ్యల బండ్ల నుంచి ఐసు కరిగి కారే నీళ్ళు భీమవరం వైపు మలుపుల్లో ఎప్పుడూ కనిపిస్తాయి. దమ్ము చక్రాలతో రోడ్డెక్కిన ట్రాక్టర్లు చేను దిగిన చోట వదిలేసే మట్టి పెళ్ళలు. కోతల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. రైతును తప్పుపట్టను, ఆరబోసుకోవడానికి అతనికి వేరే కళ్ళం లేదు. ధాన్యం పొడిగా ఉన్నా గింజలు టైరు కింద దొర్లుతాయని మనమే గుర్తుంచుకోవాలి.

ఒక అంచనా కోసం: గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పొడి తారు మీద బ్రేకు పట్టాక సుమారు 9 మీటర్లలో ఆగే బండి, తడి బంకమట్టి మీద 30 మీటర్లు పోవచ్చు. కాలు బ్రేకు మీదకు వెళ్ళేలోపు పోయే దూరం దీనికి అదనం.

అపోహ: డ్రైవరు పక్కన ఇద్దరిని కూర్చోబెడితే ముందు చక్రానికి బరువు వచ్చి పట్టు పెరుగుతుంది.

వాస్తవం: ఇది పట్టు కోసం చెప్పే మాట కాదని మనందరికీ తెలుసు, కిరాయి కోసం. పైన చెప్పిన త్రికోణం గుర్తు తెచ్చుకోండి. ఇరుకుగా ఉన్న ముందు భాగంలో, సీటు ఎత్తున, అదీ పక్కలకు వేలాడుతూ ఇద్దరు మనుషులు. ముందు చక్రానికి కాస్త బరువు పెరిగిన మాట నిజమే, తిరగబడే గుణం అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. అన్నిటినీ మించి, జారినప్పుడు హ్యాండిల్ తిప్పడానికి మోచేతులకు చోటే ఉండదు. డ్రైవరు కాక ముగ్గురికే పర్మిట్ ఉన్న బండి ఇది. బడి పిల్లలు చిన్నవాళ్ళే కదా అని ముందు ఇరికించే అన్నలకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, వానాకాలం ఒక్కటైనా ఆ పని మానండి. ఒక ట్రిప్పు ఎక్కువ తిరగండి, తల్లిదండ్రులతో మాట్లాడి ఆ నాలుగు డబ్బులు పెంచుకోండి. అడిగితే కాదనరు.

దీనికి తిరగేసిన తప్పు వెనక లోడు. కొబ్బరికాయల బస్తాలు వెనక చక్రాల ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రం తేలిపోతుంది. కాలువ వంతెన ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. బరువు ఇరుసుకు కాస్త ముందుగా, వీలైనంత కిందగా ఉండాలి. చేపపిల్లల ట్యాంకు వేసుకెళ్ళేవాళ్ళు దాన్ని సగం నీళ్ళతో తీసుకెళ్ళకండి. మలుపులో నీళ్ళన్నీ ఒక పక్కకు పోయి బండిని లాగేస్తాయి. నిండుగానైనా నింపండి, లేదా చిన్న డబ్బాలుగా విడగొట్టండి.

అపోహ: దిగబడితే రేజ్ ఇస్తే బయటపడుతుంది.

వాస్తవం: ఆటోలో డిఫరెన్షియల్ ఉంటుంది, అంటే వెనక చక్రాలు రెండూ వేరువేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే గేర్ల అమరిక. ఒక చక్రం బురదలో ఖాళీగా తిరిగితే ఇంజను బలం అంతా అటే వృథా అవుతుంది, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రం కదలదు. రేజ్ ఇచ్చేకొద్దీ గొయ్యి లోతవుతుంది. ఆపండి. ప్రయాణికులను దించండి. జారే చక్రం కింద కొబ్బరి పీచు, మట్టలు, ఎండుగడ్డి, ఏది దొరికితే అది తొక్కండి. ఒకరిద్దరు తోస్తుంటే రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ కదిలించండి. తోసేవాళ్ళను చక్రం వెనకాల నిలబెట్టకండి, పక్కన ఉండి తోయమనండి. కరెంటు ఆటోలకు బలం మొదటి క్షణం నుంచే అందుతుంది కాబట్టి వాటిలో ఇంకా మెల్లగా తిప్పాలి. వాటిలో యాక్సిలరేటర్ టక్కున వదిలినా వెనక చక్రాలకు బ్రేకు పడినట్టే ఉంటుంది, పాకుడు మీద అది చాలు జారడానికి.

అపోహ: కాజ్‌వే మీద మోకాలి లోతే కదా, దాటేయొచ్చు.

వాస్తవం: దాటొద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కనకాయలంక కాజ్‌వే లాంటివి ప్రతి వరదకూ మునుగుతాయి. బ్యారేజీ దగ్గర పెరిగిన నీరు లంకలకు చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి, వెళ్ళేటప్పుడు ఉన్న లోతు తిరిగొచ్చేటప్పుడు ఉండదు. ఖాళీ ఆటో బరువు మూడు నాలుగు క్వింటాళ్ళు. మునిగినంత మేర నీరు దాన్ని పైకి లేపుతుంది, టైర్ల మీద బరువు తగ్గిపోతుంది. ప్రవాహం వేగం రెండింతలైతే పక్కనుంచి తోసే బలం నాలుగింతలవుతుంది. 1986, 2022 వరదలు చూసినవాళ్ళను అడగండి, గోదావరి పక్కనుంచి ఎలా తోస్తుందో చెబుతారు.

ఊళ్ళో నిలిచిన వాననీళ్ళు, ప్రవాహం లేనివి, దాటక తప్పకపోతే మొదటి గేరులో, రేజ్ తగ్గించకుండా ఒకే తీరుగా వెళ్ళండి. మధ్యలో బండి ఆగితే స్టార్ట్ చేయకండి. ఇంజనులోకి నీళ్ళు లాగితే రాడ్డు వంగిపోతుంది, తోసుకుని బయటకు తెచ్చి మెకానిక్‌ను పిలవండి. బయటపడ్డాక బ్రేకు డ్రమ్ముల్లో నీళ్ళుంటాయి కాబట్టి బ్రేకు పట్టదు. మెల్లగా పోతూ, పెడల్‌ను తేలిగ్గా నొక్కిపట్టి కొంతదూరం వెళ్తే ఆ వేడికి లైనర్లు ఆరతాయి. పట్టు వచ్చిందో లేదో చూసుకున్నాకే ప్రయాణికులను ఎక్కించుకోండి. ఆ వారంలోనే గేరు నూనె చూపించండి, పాల రంగుకు తిరిగితే నీళ్ళు కలిసినట్టే, మార్చేయాలి. ముందు చక్రం బేరింగులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించండి. బ్యాక్‌వాటర్ వైపు, ఉప్పునీళ్ళలో తిరిగిన బండైతే వారం కూడా ఆగకండి, మర్నాడే మంచినీళ్ళతో అడుగంతా కడిగించి ఈ పనులన్నీ చేయించండి.