ఏలూరు రక్తంలో నికెల్: అసలు లెక్క సూది దగ్గరే

అంతుచిక్కని జబ్బు ఎక్కడ తలెత్తినా ఏలూరు ప్రస్తావన వస్తుంది. దాని వెంటే పాత పేచీ కూడా వస్తుంది: 2020 డిసెంబరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోవడానికి కారణం సీసం, నికెల్‌లా, లేక పురుగుమందులా? ఆసుపత్రి దృశ్యాలు అందరూ టీవీల్లో చూసినవే కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు. పేచీ అర్థం కావడానికి రెండు తేదీలు చాలు. డిసెంబరు 8న, ఢిల్లీ ఎయిమ్స్ ప్రాథమిక పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయన్న ప్రకటన వచ్చింది. 16న జరిగిన ముఖ్యమంత్రి సమీక్షలో ఎయిమ్స్, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. ఎనిమిది రోజుల్లో మాట మారింది. జనం నోట మాత్రం మొదటి మాటే నిలిచిపోయింది.

రక్తంలో లోహాల కొలత అనగానే అందరూ అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌ను తలుచుకుంటారు. భూమి వయసు తేల్చే పనిలో ఉండగా ప్రయోగశాల గాలిలో, నీళ్లలో, గాజుపాత్రల్లో ఎటు చూసినా సీసమే అడ్డుతగలడం, 1965లో ఆయన అమెరికన్ల రక్తంలోని సీసం సహజ స్థాయికి దాదాపు వంద రెట్లని లెక్కకట్టి, సీసం కలిపిన పెట్రోలు అమ్మే కంపెనీల ఆగ్రహానికి గురికావడం తెలిసిన కథే. ఏలూరుకు నేరుగా పనికొచ్చే కథ మాత్రం అది కాదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో 1970లలో జరిగింది.

అక్కడ జాక్ వెర్సీక్ బృందానికి ఒక అనుమానం వచ్చింది. ఆరోగ్యవంతుల రక్తంలో క్రోమియం, నికెల్, మాంగనీసు ఎంతుంటాయన్నదానికి ఒక్కో పరిశోధన పత్రం ఒక్కో అంకె చెబుతోంది. వాటి మధ్య తేడా కొద్దిపాటిది కాదు, పదుల రెట్లు, కొన్నిచోట్ల వందల రెట్లు. మనుషుల రక్తం ఇంతగా తేడాగా ఉండటం అసాధ్యం. తేడా మరెక్కడి నుంచో వస్తోంది. వాళ్లు మామూలు ఇంజెక్షన్ సూదులను అణు రియాక్టర్‌లో పెట్టి, ఆ సూదుల్లోని లోహాలు రేడియోధార్మికమయ్యేలా చేశారు. తర్వాత అదే సూదితో రక్తాన్ని వంతులవారీగా తీశారు. ఇక రక్తంలో రేడియోధార్మికత కనిపించిందంటే ఆ లోహం మనిషిది కాదు, సూదిది. ఇనుము, క్రోమియం, నికెల్, కోబాల్టు అన్నీ దొరికాయి. మొదటి వంతు రక్తంలో ఎక్కువ, తర్వాతి వంతుల్లో తక్కువ. తుప్పుపట్టని ఉక్కు అంటే ఇనుములో క్రోమియం, నికెల్ కలిపిన లోహమే కాబట్టి ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. ఆశ్చర్యమల్లా అంతకాలం ఆ మాట ఎవరికీ తట్టకపోవడమే!

సూది బదులు ప్లాస్టిక్ గొట్టం, పరిశుద్ధమైన క్వార్ట్జ్ పాత్రలు, దుమ్ము రానివ్వని గది వాడి చూస్తే సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) క్రోమియం లీటరుకు 0.2 మైక్రోగ్రాములకు దిగువకు పడిపోయింది. అప్పటిదాకా పుస్తకాల్లో 'సాధారణ స్థాయి' అని అచ్చయిన అంకెల్లో చాలావరకు సూదులవి, సీసాలవి, గది దుమ్మువి. నికెల్ కూడా అదే దారి పట్టింది. జబ్బులేని మనిషి సీరంలో అది లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. అంత సన్నని కొలతలో సూది మొన నుంచి రాలే రవ్వంత లోహమే ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

అందుకే ఏలూరు నికెల్‌ను ముందుకు తెచ్చేవారు కొన్ని చూపాలి. రక్తం లోహ పరీక్షల కోసమే తయారైన నీలిమూత గొట్టాల్లో తీశారా, వార్డులో చేతికందిన గొట్టాల్లోనా? అదే సూది, అదే గొట్టం గుండా రక్తం లేకుండా శుద్ధజలం పంపి పరీక్షించారా? జబ్బు రాని పక్కింటివారి రక్తంలో ఎంతుంది? రాత్రికి రాత్రి వార్డు నిండిపోతుంటే నర్సులు ఇవన్నీ చూసుకోవాలనడం అన్యాయమే. కానీ ఆ జాగ్రత్తలు లేని అంకెను రోగకారణంగా ప్రకటించడం అంతకన్నా అన్యాయం.

సీసం సంగతి కొంచెం వేరు. దాన్ని పూర్తిగా సూది మీదికి నెట్టేయలేం. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసీలీటరుకు (లీటరులో పదో వంతుకు) 5 మైక్రోగ్రాములు, అంతకుమించి సీసం ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లోనే చెప్పాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. సీసం పక్షాన వాదించేవారు చెప్పేది ఇదే, ఇందులో అబద్ధం లేదు. అయితే ఏ ఊళ్లో రక్తం తీసినా సీసం కనిపిస్తుందని చెప్పేదీ ఇదే లెక్క. సీసంతో మూర్ఛలు రావాలంటే మామూలుగా డెసీలీటరుకు 70 మైక్రోగ్రాములు దాటాలి. రక్తంలో చేరిన సీసం సగానికి తగ్గడానికే సుమారు నెల పడుతుంది. ఏలూరులో పడిపోయినవారు చాలామంది గంటల్లోనే తేరుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

కొలత ఎప్పుడూ ఎక్కువ వైపే తప్పుతుందనీ కాదు. అమెరికాలో మాజెలాన్ కంపెనీ లెడ్‌కేర్ యంత్రాలు నరం నుంచి తీసిన రక్తంలో సీసాన్ని ఉన్నదానికంటే తక్కువ చూపుతున్నాయని 2017లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. లోపం ముందే తెలిసీ దాచినందుకు ఆ కంపెనీ 2024లో నేరం ఒప్పుకుంది.

పురుగుమందుల వాదనకూ చిక్కు లేకపోలేదు. లోహం బయటి నుంచి నమూనాలోకి చొరబడితే, సేంద్రియ ఫాస్ఫరస్ రకం పురుగుమందులు నమూనాలోంచి మాయమవుతాయి. రక్తంలో అవి త్వరగా విరిగిపోతాయి, ఆలస్యంగా తీసిన రక్తంలో ఆనవాలు దొరకడం కష్టం. అయినా 16నాటి సమీక్ష తర్వాత ప్రభుత్వం దృష్టి పెట్టింది నిషేధిత పురుగుమందుల అమ్మకాల మీదే.