కలుపు పీకే చేతికి నేలలోని స్విచ్చి తెలియాలి

"మేము పది పన్నెండు మందిమి సెలవు రోజుల్లో ఒక చిన్న అడవి ముక్కలో పరాయి పొదలు తీసేస్తున్నాం. ఒక మూల మొత్తం శుభ్రం చేశాం, వేళ్లతో సహా తవ్వేశాం. వానలు పడ్డాక చూస్తే అంతకుముందు కన్నా ఎక్కువ కలుపు లేచింది. స్థానిక మొక్క ఒక్కటీ రాలేదు. ఎందుకిలా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఇలాంటి పని మొదలుపెట్టిన ప్రతి బృందానికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే ప్రశ్న ఇది. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి మానేస్తారు. స్థానిక మొక్కలు ఎందుకు కావాలో మళ్లీ చెప్పను, ఆ సంగతి తెలిసినవాళ్లే సెలవు రోజున పార పట్టుకుని బయల్దేరతారు. ఈ ప్రశ్నకు జవాబు పై అంగుళం మట్టిలో ఉంది. అక్కడ ఉన్న యంత్రాంగం నాకు జీవశాస్త్రం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన వాటిలో ఒకటి.

ముందు ఒక బడి పాఠం సంగతి. తడి దూదిలో చిక్కుడు గింజ పెట్టి, విత్తనం మొలకెత్తడానికి నీళ్లు, గాలి, తగిన వెచ్చదనం ఉంటే చాలనీ వెలుతురు అక్కర్లేదనీ పిల్లల చేత రాయిస్తాం. చిక్కుడు గింజ విషయంలో అది నిజమే. అది లావు గింజ, లోపల నిల్వ బోలెడుంటుంది. ఐదు సెంటీమీటర్ల లోతు నుంచైనా ఆ నిల్వ తింటూ పైకి రాగలదు. ఇసుక రేణువంత విత్తనానికి ఆ దారి లేదు. అంత లోతులో మొలకెత్తితే ఉన్న కాస్త తిండీ సగం దారిలోనే అయిపోతుంది, మొలక చీకట్లోనే చచ్చిపోతుంది. అందుకే చిన్న విత్తనాల్లో చాలా రకాలు తడి తగిలినా తొందరపడవు. తాము నేల పైభాగాన ఉన్నామా, పైన వేరే మొక్క నీడ ఉందా అని చూసుకుంటాయి. కళ్లు లేని విత్తనం ఎలా చూస్తుందన్నది దూది ప్రయోగంలో ఎప్పటికీ తెలియదు. ఆ పాఠానికి ఒక్క చిన్న విత్తనాన్నైనా చేర్చాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

విత్తనం చూసే పని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ చేస్తుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్ బృందం లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర విత్తనాల మీద చేసిన ప్రయోగం ఇది. తడిపిన విత్తనాల మీద కాసేపు ఎర్రటి వెలుతురు వేస్తే మొలకెత్తాయి. ఎరుపు తర్వాత వెంటనే ఫార్‌రెడ్ వేస్తే చాలావరకు ఆగిపోయాయి. ఫార్‌రెడ్ అంటే మన కంటికి దాదాపు కనబడని, ఎరుపుకు అవతలి అంచు వెలుతురు. దాని తర్వాత మళ్లీ ఎరుపు వేస్తే మళ్లీ మొలకెత్తాయి. ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా చివర వేసిన రంగును బట్టే ఫలితం వచ్చింది. గోడ మీది మామూలు బల్బు స్విచ్చి లాంటిదే ఇది. ఒక వైపుకు నొక్కితే వెలుగుతుంది, రెండో వైపుకు నొక్కితే ఆరుతుంది. మధ్యలో ఎవరు ఎన్నిసార్లు నొక్కినా, ఆఖరున నొక్కింది ఏ వైపుకో అదే లెక్క.

ఈ ప్రోటీన్‌కు రెండు రూపాలున్నాయి. ఒకటి 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఎరుపును పీల్చుకుని రెండో రూపంలోకి మారుతుంది. రెండోది 730 దగ్గరి ఫార్‌రెడ్‌ను పీల్చుకుని మొదటి రూపానికి తిరిగి వస్తుంది. రెండో రూపమే పనిమంతురాలు. అది తగినంత పోగైతే విత్తనంలో జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీ పెరుగుతుంది, నిద్రను పట్టి ఉంచే అబ్‌సిసిక్ ఆమ్లం తగ్గుతుంది, పొర మెత్తబడి వేరు బయటికి వస్తుంది.

ఈ స్విచ్చిని అడవిలో నొక్కేది ఆకు. ఆకులోని పత్రహరితం ఎరుపును దాదాపు పూర్తిగా తాగేసి ఫార్‌రెడ్‌ను కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఎరుపు, ఫార్‌రెడ్ దాదాపు సమానం, ఎరుపే కాస్త ఎక్కువ. దట్టమైన ఆకుల కింద ఎరుపు, ఫార్‌రెడ్‌లో ఐదో వంతుకో పదో వంతుకో పడిపోతుంది. గుబురు పొద కింద నేల మీద పడి ఉన్న విత్తనానికి పగలంతా వెలుతురు అందుతూనే ఉంటుంది, కానీ స్విచ్చి ఆర్పే వెలుతురే ఎక్కువ. రాతి నీడకూ ఆకు నీడకూ తేడా విత్తనానికి తెలుస్తుంది. రాయి ఎప్పటికీ పోటీకి రాదు, ఆకు వస్తుంది.

ఇప్పుడు ఆ పొదను ఒకే రోజు మొత్తం నరికేస్తే ఏమవుతుంది? ఆ నేల మీద ఉన్న వేల విత్తనాల స్విచ్చులన్నీ ఒకేసారి వెలుగుతాయి. అక్కడితో అయిపోదు. బట్టబయలైన నేల పగలు బాగా కాగి రాత్రి బాగా చల్లబడుతుంది. ఆ ఉష్ణోగ్రత తేడాను కూడా చాలా కలుపు విత్తనాలు పైన ఖాళీ ఉందనే సమాచారంగానే తీసుకుంటాయి. మొక్కలకు నత్రజనిని అందించే నైట్రేట్‌ను మట్టిలోంచి తాగే వేళ్లు పోతాయి కాబట్టి నైట్రేట్ పెరుగుతుంది. అదీ ఇంకొక పిలుపే. వెలుతురు, వేడి తేడా, నైట్రేట్ మూడూ కలిసి ఒకే మాట చెబుతాయి.

ఇక వేళ్లతో సహా తవ్వడం. నేలలోకి వెలుతురు కొద్ది మిల్లీమీటర్లే దిగుతుంది. దాని కింద కటిక చీకటి. ఆ చీకట్లో పూడి ఉన్న విత్తనాలు ఊరికే పడి ఉండవు. కొన్ని రకాల్లో వాటి సున్నితత్వం విపరీతంగా పెరుగుతుంది. అర్జెంటీనాలో ఉమ్మెత్త జాతి మొక్క ఒకదాని మీద జరిగి 1991లో ప్రచురితమైన పరిశోధనలో, పూడ్చిన విత్తనాలకు వెలుతురు పట్ల సున్నితత్వం దాదాపు పదివేల రెట్లు పెరిగినట్టు తేలింది. సెకనులో వెయ్యో వంతుల లెక్కలో తగిలే ఎండ చాలు, స్విచ్చి పడుతుంది. పారతో మట్టి ఎత్తి తిరగేసినప్పుడు ఒక విత్తనం గాలిలో ఎండను చూసి మళ్లీ చీకట్లోకి పడిపోయేంత సమయం అన్నమాట. అది మళ్లీ పూడిపోయినా ఆఖరుగా అందిన సంకేతం వెలగమనే. రాత్రిపూట దున్ని కలుపు తగ్గించవచ్చా అని జర్మనీలో ప్రయత్నించి చూసింది ఇందుకే. అక్కడ పెద్ద తేడా కనిపించింది. వేరే చోట్ల అంత తేడా రాలేదు, ఎందుకంటే అన్ని కలుపు రకాలూ ఈ స్విచ్చి మీదే ఆధారపడవు.

విత్తనాలు ఇలా ఎన్నాళ్లు కాచుకుంటాయి? 1879లో మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త తడి ఇసుకలో 21 రకాల విత్తనాలు, రకానికి 50 చొప్పున కలిపి, అలాంటి 20 సీసాలు పూడ్చిపెట్టాడు. ఆ ప్రయోగం ఇంకా నడుస్తోంది. 2021లో తీసిన సీసాలో కూడా, 140 ఏళ్లు దాటాక, కొన్ని విత్తనాలు మొలకెత్తాయి. తర్వాతి సీసా 2040లో తీస్తారు. అంతకన్నా నాకు నచ్చిన విషయం ఏమిటంటే, ఆ సీసాలు చీకట్లో తవ్వుతారు. తలకు పెట్టుకునే దీపాలు కూడా ఆకుపచ్చవే, ఫైటోక్రోమ్‌ను ఆ రంగు పెద్దగా కదిలించదు కాబట్టి. మిగతా సీసాల్లోని విత్తనాల స్విచ్చి పొరపాటున పడకూడదని అంత జాగ్రత్త.

మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ పొలాల్లో ఎర్రటి గసగసాల జాతి పూలు విరగబూశాయి. సైనికుల నెత్తురు నుంచే అవి పుట్టాయని జనం నమ్మారు. ఆ దుఃఖం ముందు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయాలని నాకు లేదు. కానీ పిల్లలకు అసలు కారణం కూడా చెప్పాలి. ఫిరంగి గుండ్లూ కందకాలూ ఆ నేలను తిరగేశాయి. ఎన్నో ఏళ్లుగా మట్టిలో పడి ఉన్న విత్తనాలకు వెలుతురు తగిలింది. ఎక్కడైనా తవ్విన చోట ఉన్నట్టుండి తెలియని మొక్కలు లేస్తే నేలకు శాపం తగిలిందనో మహిమ ఉందనో అనేవాళ్లకు ఇదే సమాధానం.

ఈ శాస్త్రం అంతా ఒక పని పద్ధతిగా ఎలా మారుతుందో చూడాలంటే సిడ్నీకి వెళ్లాలి. 1960లలో అక్కడ జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కాచెల్లెళ్లు తమ దగ్గరి అడవి ముక్కల్లో నడుస్తూ ఒక విషయం గమనించారు. కలుపును ఒక్కసారిగా నరికి శుభ్రం చేసిన చోట అది మళ్లీ ఎక్కువగా లేస్తోంది. నడుస్తూ నడుస్తూ అక్కడొకటి ఇక్కడొకటి చేత్తో పీకిన చోట మాత్రం స్థానిక మొక్కలు మెల్లగా ఖాళీని నింపుకుంటున్నాయి. దాని నుంచి వాళ్లు మూడు నియమాలు తీశారు. స్థానిక మొక్కలు బాగా ఉన్న చోట మొదలుపెట్టి, బాగా పాడైన చోటు వైపు వెళ్లాలి. నేలను వీలైనంత తక్కువ కదపాలి, కదిలిన చోట రాలిన ఆకులు మళ్లీ కప్పాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి వస్తే అంతే వేగంగా కలుపు తీయాలి, అంతకన్నా ముందుకు పోకూడదు. 1970లలో ఆ రాష్ట్రంలోని పరిరక్షణ సంస్థ న్యూ సౌత్ వేల్స్ నేషనల్ ట్రస్ట్ ఈ పద్ధతిని చేపట్టింది. ఆస్ట్రేలియాలో ఎన్నో స్వచ్ఛంద బృందాలు ఇప్పటికీ దీన్ని పాటిస్తున్నాయి.

మూడు నియమాలనూ స్విచ్చితో కలిపి చదవండి. మంచి చోట మొదలుపెడితే ఎందుకు లాభం? అక్కడ నేలలో స్థానిక విత్తనాల పాలు ఎక్కువ, పక్కనే తల్లి మొక్కలూ ఉన్నాయి. స్విచ్చి పడ్డా లేచేవి ఎక్కువగా మనవే. కలుపు నిండిన నడి మధ్యలో స్విచ్చి వేస్తే లేచేది కలుపే, ఎందుకంటే అక్కడ మట్టిలో ఉన్నది అదే. ఒక్క వయ్యారిభామ మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. చిన్న ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న ఆకుల నుంచి వచ్చే ఫార్‌రెడ్ ఆ ఖాళీని సగం ఆర్పే ఉంచుతుంది. ఆకుచెత్త కప్పితే వెలుతురు ఆగుతుంది, పగలూ రాత్రీ వేడి తేడా తగ్గుతుంది. వేరును గునపంతో పెకలించే బదులు, మళ్లీ చిగురించని రకమైతే నేలమట్టానికి కోసేస్తే చాలు. తప్పనిసరిగా తవ్వాల్సి వస్తే మట్టిని కింద పొర కిందే, పై పొర పైనే ఉండేలా తిరిగి నొక్కాలి. పొద్దున్నే ట్రాక్టర్ తెచ్చి సాయంత్రానికి ఎకరం చదును చేసి ఫొటో తీసుకునే ఉత్సాహం కన్నా, నలుగురు మోకాళ్ల మీద కూర్చుని రెండు గంటల్లో నాలుగు మంచాలంత మేర చేసే పనికి ఫలితం ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

పని మొదలుపెట్టకముందే నేలలో ఏముందో తెలుసుకోవచ్చు. వేర్వేరు చోట్ల నుంచి పై ఐదు సెంటీమీటర్ల మట్టి తీసి బాగా కలిపి, ట్రేలో కాల్చిన ఇసుక మీద పలచగా, సెంటీమీటరుకు మించకుండా పరచండి. రోజూ తడుపుతూ వెలుతురులో ఉంచండి. పక్కన ఉత్త కాల్చిన ఇసుక ట్రే ఒకటి తప్పక పెట్టండి. దాంట్లో లేచేవి గాలికి వచ్చి పడ్డవి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. అదే చోట్ల మట్టిని వెలుతురు తగలకుండా తీసి, ఇంకో ట్రేలో పరిచి నల్ల గుడ్డ కింద పెడితే స్విచ్చి పని కళ్లారా కనిపిస్తుంది. పరిశోధకులు నేలలోని విత్తన నిధిని లెక్కించేది కూడా దాదాపు ఈ పద్ధతిలోనే. కొన్ని వారాల పాటు లేచిన ప్రతి మొలకనూ లెక్కపెడితే ఎక్కడ చెయ్యి పెట్టవచ్చో, ఎక్కడ ఇప్పట్లో ముట్టుకోకూడదో ట్రేలే చెబుతాయి. పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నాకు తెలియదు.

ఒక పరిమితి ఉంది. ముదురు అడవి చెట్లలో చాలావాటి విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి నిలవవు. రాలిన కొద్ది రోజుల్లో, వారాల్లో మొలకెత్తుతాయి, లేదా చచ్చిపోతాయి. మామిడి, పనస టెంకలు, గింజలు ఆ కోవలోవే, ఎండబెడితే ప్రాణం పోతుంది. అలాంటి చెట్ల కోసం ట్రేలో ఎదురు చూసి లాభం లేదు. తల్లి చెట్టు కింద ఏరి అదే వారం నారు పోయాలి. ఎండబెట్టగల రకాలకు మాత్రం ఒక మోటు లెక్క ఉంది. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ ఉంచే చోట ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. ఏరేటప్పుడు ఆ రోజు పండి ఉన్న విత్తనాల్లో ఐదో వంతుకు మించి తీయకూడదన్నది విత్తన బ్యాంకులు పాటించే హద్దు. ఒకే చెట్టు నుంచి కాకుండా చాలా చెట్ల నుంచి కాస్త కాస్త తీస్తే జన్యు వైవిధ్యం నిలుస్తుంది.

వీటన్నిటికీ కావాల్సిన నైపుణ్యం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొలకను గుర్తుపట్టడం. మొదట వచ్చే బీజదళాలు పెద్దయ్యాక వచ్చే ఆకుల్లా ఉండవు, పూల బొమ్మల పుస్తకం ఇక్కడ పనికి రాదు. ట్రేలో లేచిన ప్రతి రకం నుంచి రెండు మొలకలను విడిగా కుండీలో పెంచి, పూసేదాకా ఉంచి, బీజదళాల దశ నుంచి వారం వారం ఫొటోలు తీసి ఒక చోట పెట్టండి. ఏడాదిలో మీ నేలకు సొంత మొలకల పుస్తకం తయారవుతుంది. అది చేతికి వచ్చేదాకా పేరు తెలియని మొలకను పీకకండి, పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి.