వెయ్యోవంతు అంగుళాల తగాదా: బుల్లెట్ లోతు వివాదం ఎక్కడ మలుపు తిరిగింది

అమెరికాలో రైఫిల్ తూటాలను సొంతంగా కట్టుకునేవారి మధ్య పాత తగాదా మళ్లీ రాజుకుంది. తూటా అంటే ఇత్తడి గుల్ల, అందులో తుపాకిమందు, మూతిలో బుల్లెట్ కలిసిన మొత్తం. ఆ గుల్లలోకి బుల్లెట్‌ను ఎంత లోతుకు దించాలన్నదే గొడవ. ఆ లోతును అంగుళంలో కొన్ని వేలవంతుల చొప్పున మారుస్తూ పోతే రైఫిల్‌కు నప్పే చోటు దొరుకుతుందని ఒక వర్గం నమ్ముతుంది. దొరికినట్టు అనిపించేది చాలావరకు యాదృచ్ఛికమేనని రెండో వర్గం అంటుంది. 2022లో తూటాలు తయారుచేసే హోర్నడీ కంపెనీ ఇంజినీర్లు తమ పాడ్‌కాస్ట్‌లో మూడు గుండ్ల, ఐదు గుండ్ల గుంపులను చూసి తీర్పులు చెప్పవద్దన్నారు. (ఒకే గురితో వరసగా కాల్చిన గుండ్లు లక్ష్యం మీద చేసే రంధ్రాలన్నీ కలిపి ఒక గుంపు. వాటిలో అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండింటి మధ్య దూరమే గుంపు కొలత.) అప్పటి నుంచి రెండో వర్గం గొంతు పెరిగింది.

నల్ల తుపాకిమందు కాలం నాటి సంగతులు, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ప్రయోగాలు ఈ గొడవకు పెద్దగా పనికిరావు. తెలుసుకోవలసింది ఒక్క కొలత. తూటా కూర్చునే గదికీ గొట్టంలోని మెలికల గాడులకూ మధ్య కొంత నున్నటి భాగం ఉంటుంది. పేలగానే బుల్లెట్ ఆ ఖాళీని దాటి గాడుల మధ్య గట్లను ఢీకొంటుంది. ఆ దూరమే జంప్. బుల్లెట్‌ను బయటికి ఉంచి కడితే జంప్ తగ్గుతుంది. ఇంకా బయటికి ఉంచితే పేలకముందే ముక్కు గట్లలో దిగబడుతుంది. దాన్ని జామ్ అంటారు. అప్పుడు పీడనం పెరుగుతుంది కాబట్టి మందు పాళ్లు తగ్గించుకోవాలి.

ఫ్యాక్టరీ తూటాలకు ఈ స్వేచ్ఛ లేదు. .308 వించెస్టర్ అనే తూటా మొత్తం పొడవు 2.810 అంగుళాలు, .223 రెమింగ్టన్‌ది 2.260 అంగుళాలు మించకూడదని ప్రమాణం. ఎవరి రైఫిల్ మ్యాగజైన్‌లోనైనా (తూటాలు వరసగా నింపే పెట్టెలో) పట్టాలి, ఎవరి గొట్టంలోనైనా క్షేమంగా పేలాలి. బెంచ్‌రెస్ట్ పోటీదారులకు ఆ బెడద లేదు. బల్ల మీద రైఫిల్ ఆనించి, ఒక్కొక్క తూటానే చేత్తో పెట్టి కాల్చే ఆట వారిది. వారిలో చాలామంది జామ్ వైపే మొగ్గారు. బుల్లెట్ ముందే గట్లకు ఆనుకుని ఉంటే వంకరగా లోపలికి వెళ్లదన్నది వారి వాదన.

జామ్‌కు చెల్లించే మూల్యం కాల్పుల రేంజ్‌లో చూడాలి. కాల్పులు ఆపమని కేక పడుతుంది. షూటర్ బోల్టు వెనక్కి లాగుతాడు. ఇత్తడి గుల్ల మాత్రమే బయటికి వస్తుంది, బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. మందు గింజలు యాక్షన్ (బోల్టు కదిలే యంత్రభాగం) నిండా ఒలికిపోతాయి. క్లీనింగ్ రాడ్‌తో ముందు వైపు నుంచి బుల్లెట్‌ను నెట్టుకుంటూ, గింజలు దులుపుకుంటూ అతను కూర్చుంటే పక్కవాళ్లు ఎదురుచూస్తుంటారు. అడవిలో వేటగాడికి ఇదే జరిగితే ఆ రోజు వేట ముగిసినట్టే.

జామ్ లేకుండా గురి కుదరదన్న మాటకు వ్యతిరేక సాక్ష్యం అప్పటికే ఉంది. రైఫిళ్ల తయారీదారు రాయ్ వెదర్బీ తన మాగ్నమ్ (ఎక్కువ శక్తి గల) రైఫిళ్లలో గట్లను కావాలనే బాగా ముందుకు జరిపాడు. .300 వెదర్బీలో బుల్లెట్ గట్లను చేరేలోపు పావు అంగుళం పైగా నున్నటి దారి దాటాలి. ఆ కంపెనీ వంద గజాల దగ్గర అంగుళంన్నర గుంపుకు హామీ ఇచ్చి మరీ రైఫిళ్లు అమ్మింది. (అదీ మూడు గుండ్ల గుంపే అనుకోండి.) బెంచ్‌రెస్ట్ పెద్దలు దాన్ని పట్టించుకోలేదు. వాళ్ల గుంపులు అందులో పదో వంతు, పట్టించుకోవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

నా లెక్కలో అసలు మలుపు వీఎల్‌డీ (వెరీ లో డ్రాగ్) బుల్లెట్. గాలి నిరోధం బాగా తగ్గేలా బిల్ డేవిస్ 1980లలో రూపొందించిన పొడవాటి, సన్నముక్కు బుల్లెట్ అది. వాల్ట్ బెర్గర్ కంపెనీ దానికి పేరు తెచ్చింది. దాని ముక్కు వంపు పాత బుల్లెట్లలా ఒంటి దగ్గర మెత్తగా కలిసిపోదు, ఒక్కసారిగా విరిగినట్టు మొదలవుతుంది. అలాంటి ముక్కు గట్లను తాకేటప్పుడు తనంతట తాను సరిగా నిలబడదని, అందుకే జామ్ చేసి తీరాలని పేరు పడింది. బెంచ్ మీద ఆ నియమంతో గొడవ లేదు. వేటగాళ్లు, మ్యాగజైన్ వాడే పోటీదారులు అదే బుల్లెట్ కావాలన్నప్పుడే చిక్కు వచ్చింది. వారి మ్యాగజైన్‌లో అంత పొడవు తూటా పట్టదు.

అప్పుడు బెర్గర్ కంపెనీ ఒక సలహా పత్రం విడుదల చేసింది. జామ్ తప్పనిసరి కాదని, ప్రతి రైఫిల్‌కూ నచ్చే చోటు 30 నుంచి 40 వేలవంతుల వెడల్పున ఉంటుందని, అది జామ్ నుంచి 150 వేలవంతుల జంప్ దాకా ఎక్కడైనా ఉండవచ్చని అందులో రాశారు. వెతికే పద్ధతీ చెప్పారు: పది వేలవంతులు జామ్, తర్వాత 40, 80, 120 వేలవంతుల జంప్. ఒక్కో లోతుకు ఆరు తూటాలు, అంటే మూడేసి గుండ్ల గుంపులు రెండు. మొత్తం 24 తూటాలు.

ఈ పత్రం రెండు పనులు చేసింది. జామ్ పట్టును సడలించింది, అది నిస్సందేహంగా మేలు. అదే చేత్తో లోతును ప్రతి ఇంటి వర్క్‌బెంచ్ మీదా తిప్పుకునే మీటగా మార్చింది. అంతవరకు కొందరు పోటీదారుల రహస్యంగా ఉన్నది అందరి ఆదివారం పని అయింది. బుల్లెట్ మొన కొలత ఒక్కోదానికి ఒక్కోలా వస్తుంది కాబట్టి తూటా అడుగు నుంచి ముక్కు వంపు దాకా కొలిచే పరికరాలు, బుల్లెట్‌ను గుల్లలోకి నొక్కుతూ లోతును వేలవంతుల్లో సరిచేసే మైక్రోమీటర్ డైలు ఇళ్లకు చేరాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఏమీ మార్చలేదు. మూడు గుండ్ల గుంపు సగటున అంగుళం వస్తోందనుకుందాం. కేవలం యాదృచ్ఛికంగానే అందులో చాలావరకు 0.6కూ 1.4కూ మధ్య ఊగుతాయి, దాదాపు మూడో వంతు ఆ హద్దులూ దాటుతాయి. అదే రైఫిల్‌తో పది గుండ్లు కాలిస్తే గుంపు సగటు 1.6 అంగుళాలకు చేరుతుంది. ఐదు లోతుల దగ్గర మూడేసి గుండ్లు కాలిస్తే, లోతు ప్రభావం సున్నా అయినా, మంచి గుంపుకూ చెడ్డ గుంపుకూ రెండింతలకు పైగా తేడా రావడం మామూలే. షూటర్ ఆ మంచి గుంపును చూసి మురిసిపోయి, ఆ కొలతను నోటు పుస్తకంలో రాసుకుని, డైకి తాళం బిగిస్తాడు. వారం తర్వాత గుంపు పెద్దదైతే గాలినో, భుజాన్నో తప్పుపడతాడు. బెర్గర్ పద్ధతిలో ఒక్కో లోతుకు రెండు గుంపులు ఉన్నాయి గనుక ఇది కొంత నయం. కానీ ఆరు గుండ్లు ఆరు గుండ్లే.

బెంచ్‌రెస్ట్ వర్గం జవాబు కొట్టిపారేయదగినది కాదు. వారి పోటీలో ఐదేసి గుండ్ల గుంపులు ఐదు కలిపి సగటు కడతారు. లోతు తప్పితే ఫలితాల పట్టికలో వెంటనే తెలుస్తుందని వారంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ రైఫిళ్లకున్న కచ్చితత్వం వేట రైఫిల్‌కు లేదు.

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ పోటీపడిన 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే పోటీ) లాంటి ఈవెంట్లలో ఈ తలనొప్పే లేదు. .22 రిమ్‌ఫైర్ తూటాను (అడుగు అంచులో నిప్పు రగిలేది) ఎవరూ ఇంట్లో కట్టుకోరు. అగ్రశ్రేణి షూటర్లు ఈలీ, లాపువా లాంటి కంపెనీల పరీక్షా కేంద్రాలకు రైఫిల్‌నే తీసుకెళ్లి, లాట్ (ఒకేసారి తయారైన తూటాల దఫా) తర్వాత లాట్ కాల్చి, నచ్చినదాన్ని పెట్టెల కొద్దీ కొంటారు.

సెంటర్‌ఫైర్ (అడుగు నడిమధ్యలో నిప్పు రగిలే, ఇంట్లో కట్టుకునే తూటాల) వాళ్లకు ఆ దారి లేదు. గణాంకాలవాళ్లు అడిగినట్టు ఐదు లోతులకు 30 చొప్పున కాలిస్తే 150 తూటాలు ఖర్చవుతాయి. వేడికి గట్ల అంచు అరిగి ముందుకు జరిగిపోతూ ఉంటుంది. 6 ఎంఎం పోటీ రైఫిళ్లలో ప్రతి వంద తూటాలకూ కొన్ని వేలవంతులు పోవడం మామూలు. పరీక్ష పూర్తయ్యేసరికి మొదటి లోతు దగ్గరున్న జంప్ మారిపోయి ఉంటుంది. రైఫిళ్లు తయారుచేసే షార్ట్ యాక్షన్ కస్టమ్స్‌కు చెందిన మార్క్ గోర్డన్ పరీక్షలు 2020లో వెలుగులోకి వచ్చినప్పుడు ఆకట్టుకున్నది ఇందుకే. ఆయన అతి చిన్న గుంపును వెతకలేదు. జంప్ పెరుగుతూ పోయినా తూటాలు నిలువునా ఒకే ఎత్తులో తగిలే వెడల్పాటి పట్టీని వెతికాడు. అలాంటి పట్టీలు 50 వేలవంతులు దాటిన జంప్ దగ్గరే ఎక్కువ కనిపించాయి. దాంతో మ్యాగజైన్ పోటీదారుల్లో చాలామంది అరిగే గట్ల వెంట బుల్లెట్‌ను జరుపుతూ పోవడం మానేసి, గొట్టం మార్చేదాకా డైని ముట్టుకోవడం లేదు.