పిల్లల మూర్ఛకు శస్త్రచికిత్స: అపోహలు – వాస్తవాలు

మూర్ఛకు ఆపరేషన్ జరిగి కోలుకున్న పిల్లల తల్లిదండ్రులు మళ్లీ పరీక్షలకు వచ్చినప్పుడు మాకు మనసారా కృతజ్ఞతలు చెబుతారు. ఆ మాటల వెంటే, ఇంతకాలం తమను ఆపరేషన్‌కు ఒప్పుకోనివ్వని భయాలు కూడా ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. వాటిలో కొన్ని నిజమైనవే, వాటిని మేము దాచకూడదు. ఎక్కువ భాగం మాత్రం బంధువుల మాటల వల్లా, ఒక్కోసారి వైద్యుల మాటల వల్లా స్థిరపడిపోయిన అపోహలు. పిల్లల నాడీవైద్యుడిగా వాటి గురించి రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అపోహ: ఉన్న మందులన్నీ వాడి చూసి, ఇక వేరే దారి లేదన్నప్పుడే ఆపరేషన్ గురించి ఆలోచించాలి.

వాస్తవం: సరిగ్గా ఎంచుకున్న రెండు మందులను తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని మూర్ఛ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్వచించింది. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. 2000లో వెలువడిన గ్లాస్గో అధ్యయనంలో, కొత్తగా చికిత్స మొదలుపెట్టిన 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే, 13 శాతానికి రెండో మందుతో ఫిట్స్ ఆగిపోగా, మూడో మందు ఒక్కదానితో ఆగినవారు 1 శాతం మాత్రమే. అందువల్ల మూడోది, నాలుగోది అంటూ మందులు మారుస్తూ ఏళ్లు గడిపితే, మాట, చదువు, నడవడిక రూపుదిద్దుకోవలసిన వయసంతా ఫిట్స్‌కే పోతుంది. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లల్లో 57 మందికి శస్త్రచికిత్స చేసి, 59 మందికి మందులు మాత్రమే కొనసాగించారు. ఏడాది తర్వాత ఫిట్స్ పూర్తిగా లేనివారు మొదటి జట్టులో 77 శాతం, రెండో జట్టులో 7 శాతం. మందులకు లొంగని మూర్ఛలన్నింటికీ ఆపరేషన్ పనికివస్తుందని కాదు. అయితే పనికివస్తుందో లేదో తేల్చే పరీక్షలను రెండో మందు విఫలమైనప్పుడే చేయించాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: మెదడు మీద కత్తి పెడితే మాట పడిపోతుంది, కాలూ చేయీ పోతాయి.

వాస్తవం: ఈ భయానికి కొంత ఆధారం ఉంది. పై పరిశోధనలో ఆపరేషన్ జరిగిన 57 మందిలో 15 మందికి శరీరంలో ఒక పక్క బలహీనత నమోదైంది. అయితే ఏది పోవచ్చు, ఏది నిలుస్తుంది అన్నది చాలావరకు ముందే అంచనా వేయవచ్చు. ఫిట్స్ మెదడులో ఎక్కడ పుడుతున్నాయో వీడియో ఈఈజీతోనూ (ఫిట్‌ను వీడియో తీస్తూ మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష), ఎంఆర్‌ఐతోనూ, అవసరమైతే పెట్ స్కాన్‌తోనూ గుర్తించి, మాటకూ కదలికకూ ఆధారమైన భాగాలు దానికి ఎంత దూరంలో ఉన్నాయో చూసిన తర్వాతే నిర్ణయం తీసుకుంటాం. మెదడులో ఒక సగం వాపుతో క్రమంగా దెబ్బతినే రాస్ముసెన్ ఎన్‌సెఫలైటిస్ వంటి జబ్బుల్లో మెదడులో ఒక సగాన్ని రెండో సగం నుంచి వేరుచేయవలసి వస్తుంది. అలాంటి పిల్లల్లో ఎక్కువ మంది మళ్లీ నడుస్తారు గానీ, వేరుచేసిన సగానికి అవతలి పక్క చేతి వేళ్ల సున్నితమైన పనితనమూ, రెండు కళ్లలోనూ ఆ పక్క చూపూ తిరిగి రావు. ఈ సంగతి సంతకానికి ముందే తల్లిదండ్రులకు పూర్తిగా చెప్పాలి. తెలిసి ఒప్పుకున్నవారు తర్వాతి కష్టాన్ని బాగా తట్టుకుంటారు.

అపోహ: ఇలాంటి ఆపరేషన్లు విదేశాల్లోనే జరుగుతాయి.

వాస్తవం: డాక్టర్ జేకబ్ చాండీ 1952లోనే వెల్లూరు సీఎంసీలో మూర్ఛకు శస్త్రచికిత్స చేశారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1995 నుంచి ఇవి క్రమంగా జరుగుతున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు.

అపోహ: ఆపరేషన్ అయ్యాక మందులు మానేయవచ్చు, పిల్ల వెంటనే అందరిలా అయిపోతుంది.

వాస్తవం: మందులు కొనసాగుతాయి, వాటిని ఎప్పుడు, ఎంత మెల్లగా తగ్గించాలో వైద్యులే నిర్ణయించాలి. ఫిట్స్ ఆగినంత మాత్రాన వెనకబడిన చదువు దానంతటదే అందుకోదు, ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ కొందరికి చాలాకాలం కావాలి. ఆడపిల్లల తల్లిదండ్రులు పెళ్లి గురించి కూడా అడుగుతారు కాబట్టి ఇదీ చెప్పాలి: హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అనర్హతగా ఉన్న మూర్ఛను 1999 సవరణతో తొలగించారు.

అపోహ: బిడ్డ కోలుకోవడం అద్భుతం, అంతా డాక్టర్ల చలవే.

వాస్తవం: ఒక తల్లి చేతులు జోడించి, "మా పాపను మాకు తిరిగిచ్చారు సార్" అన్నారు. పాప ఇప్పుడు రాత్రంతా నిద్రపోతోందనీ, తానూ పడుకోగలుగుతున్నాననీ, బడి నుంచి ఫోన్ వస్తే గుండె దడ రావడం లేదనీ చెప్పారు. ఆమె కృతజ్ఞత నాకు ఎంతో విలువైనది, కానీ పాప కోలుకోవడంలో ఆమె వాటా ఆమెకు తెలియాలని ఎంత చెప్పినా తనివి తీరదు. ప్రతిసారీ పాప ఎడమ చేయి ముందు బిగుసుకోవడాన్ని ఫోన్లో వీడియో తీసింది ఆవిడే. శరీరం ఎడమ పక్కను మెదడు కుడి సగం నడిపిస్తుంది కాబట్టి, మెదడులో కుడివైపు వెతకాలన్న మొదటి ఆధారం మాకు అక్కడే దొరికింది. పసితనంలో తీసిన ఎంఆర్‌ఐలో కనిపించని లోపం, మెదడు పరిపక్వమయ్యాక తీసినదానిలో అక్కడే బయటపడింది. అందుకే మూర్ఛ నిపుణుల దగ్గరకు మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులు, ఫిట్ మొదలైన క్షణాల నుంచి తీసిన వీడియోలనూ, వాడిన మందుల పేర్లూ మోతాదులూ తేదీలూ రాసిన కాగితాన్నీ, పాత ఎంఆర్‌ఐ రిపోర్టుతో పాటు ఫిల్ములు లేదా సీడీనీ తప్పక తీసుకెళ్లండి.