బోస్టన్‌కు రెండో నది అక్కర్లేకపోయింది

బోస్టన్‌లో ఎంఎస్ చదువుతున్న మన పిల్లలు కుళాయి తిప్పి నేరుగా తాగే నీళ్లు ఆ ఊరివి కావు. పడమటి వైపు దాదాపు వంద కిలోమీటర్ల అవతలున్న క్వాబిన్ జలాశయం నుంచి వస్తాయి. దాన్ని కట్టడానికి డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీన్‌విచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్లను 1938 ఏప్రిల్‌లో ప్రభుత్వ రికార్డుల్లోంచే కొట్టేశారు. రెండున్నర వేల మంది ఇళ్లు వదిలారు. ఏడు వేలకు పైగా సమాధులను తవ్వి వేరే చోటికి మార్చారు. శ్రీశైలం, పోలవరం ముంపు సంగతులు తెలిసినవాళ్లకు ఇదేమీ కొత్త కథ కాదు.

1946లో నిండిన క్వాబిన్‌లో పట్టేది దాదాపు 55 టీఎంసీలు, అంటే మన సింగూరుకు రెట్టింపు కన్నా కాస్త తక్కువ. అంత నీరుండి కూడా 1969 నుంచి 1988 దాకా బోస్టన్ జలవ్యవస్థ ఏటా గీత దాటుతూనే వచ్చింది.

ఏమిటా గీత? జలాశయంలో ఎంతుందన్నది ఒక లెక్క, రోజుకు ఎంత తోడుకోవచ్చన్నది వేరే లెక్క. గాదెలో ఎన్ని బస్తాలున్నాయో చూసి సంబరపడితే సరిపోదు, వరసగా నాలుగేళ్లు పంట పోయినా రోజూ ఎన్ని గిద్దెలు వండుకోవచ్చో చూసుకోవాలి. ఇంజినీర్లు దీన్ని భద్ర దిగుబడి అంటారు. క్వాబిన్, దాని దిగువనున్న పాత వచూసెట్ జలాశయం కలిపి ఇది రోజుకు 30 కోట్ల గ్యాలన్లు, సుమారు 113 కోట్ల లీటర్లు. ఈ జాగ్రత్త ఉత్తినే పుట్టలేదు. 1960ల కరువులో, 1967 నాటికి, క్వాబిన్ 45 శాతానికి పడిపోయింది. అయినా వాడకం పెరుగుతూ పోయి 1980 ప్రాంతంలో రోజుకు 34 కోట్ల గ్యాలన్లకు చేరింది.

అప్పటి ఇంజినీర్ల దగ్గర మందు సిద్ధంగానే ఉంది: పక్కనే పారే కనెక్టికట్ నదిని కొంత క్వాబిన్‌లోకి మళ్లించడం. అప్పటికే నాలుగు ఊళ్లు పోగొట్టుకున్న పడమటి ప్రాంతం వాళ్లు ససేమిరా అన్నారు. 1980ల్లో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రం చట్టమూ తెచ్చింది. ఒక పరివాహక ప్రాంతం నీళ్లు ఇంకోదానికి తరలించాలంటే, ముందు మీ దగ్గర చేయగలిగిన పొదుపంతా చేసి రండి అన్నది దాని సారం. 1985లో పని మొదలుపెట్టిన మసాచుసెట్స్ జలవనరుల సంస్థ సరే, ముందు అదే చేద్దామంది.

అలాగని ‘నీటిని ఆదా చేయండి’ అని గోడల మీద రాయించి ఊరుకోలేదు. పొదుపునూ ఒక నదిలాగే లెక్కగట్టారు: ఎక్కడి నుంచి ఎంత వస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఎన్నేళ్లకు చేతికొస్తుంది.

మొదటి వాటా భూమిలోనే దొరికింది. ఒత్తిడితో ఉన్న నీరు పైపు చిల్లులోంచి చిమ్మేటప్పుడు బుస్సుమని శబ్దం చేస్తుంది. ఇనుప పైపులో ఆ శబ్దం సెకనుకు సుమారు 1,200 మీటర్ల వేగంతో రెండు వైపులా పరుగెడుతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు వాల్వుల మీద రెండు సెన్సర్లు పెట్టారనుకోండి. ఒకదానికి శబ్దం 0.05 సెకను ముందు చేరితే, రెండు దూరాలకీ తేడా 60 మీటర్లు. అంటే లీకు మొదటి వాల్వు నుంచి 20 మీటర్ల దగ్గర, రెండోదానికి 80 మీటర్ల దూరంలో ఉంది. అక్కడ ఒక్క గొయ్యి తవ్వితే చాలు. ఊరు సద్దుమణిగిన రాత్రివేళ ఈ పని బాగా సాగుతుంది. ప్లాస్టిక్ పైపుల్లో మాత్రం శబ్దం తొందరగా అణగారిపోతుంది, అక్కడ పట్టుకోవడం కష్టం.

రెండో వాటా ఇళ్లలోంచి వచ్చింది. 3,70,000 ఇళ్లకు తక్కువ నీళ్లు వదిలే షవర్లు, కుళాయి మూతికి పెట్టే జాలీల్లాంటివి బిగించారు. ఇంతకన్నా పెద్ద పని టాయిలెట్లది. కొత్తగా పెట్టే ఫ్లష్ ట్యాంకు ఆరు లీటర్లకు మించకూడదని 1980ల చివర్లో అమెరికాలో అందరికన్నా ముందు రూలు పెట్టింది మసాచుసెట్సే. పాతవాటిలో కాస్త నయమైనవే 13 లీటర్లు తాగేవి. మనిషి రోజుకు ఐదుసార్లు ఫ్లష్ చేస్తే 35 లీటర్లు మిగిలినట్టు. 20 లక్షల మందికి అదే 7 కోట్ల లీటర్లు. అయితే పాత టాయిలెట్ పాడైతేనే కదా కొత్తది పెడతారు! ఈ పొదుపు ఇరవై, ముప్ఫై ఏళ్లు మెల్లగా వస్తూనే ఉంటుంది. దీర్ఘకాల ప్రణాళికకు కావాల్సింది ఇదే. కరువులో భయపడి తగ్గించుకున్న వాడకం వానలు పడగానే మళ్లీ పెరుగుతుంది, మారిన టాయిలెట్ మాత్రం వెనక్కి మారదు.

వాడకం తగ్గడమంతా పొదుపు ఘనతే అంటే మాత్రం నేనొప్పుకోను. బోస్టన్ హార్బర్‌ను శుభ్రం చేసే భారీ ఖర్చు నీటి, మురుగు బిల్లుల మీద పడింది. బిల్లు చూశాక కారే కుళాయిని ఎవరూ అలా వదిలేయరు. నీళ్లు ఎక్కువ వాడే పాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి కూడా. అన్నీ కలిసి వాడకం 30 కోట్ల గ్యాలన్ల కిందికి దిగి, ఆనక 20 కోట్ల దాకా వచ్చింది. కనెక్టికట్ పథకం అటకెక్కింది.

హైదరాబాద్ దారి వేరు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చాలకపోతే మంజీరా, అదీ చాలకపోతే 2004లో కృష్ణా, 2015లో గోదావరి. జనం పెరిగిన తీరు చూస్తే వాటిని తప్పుపట్టలేం. కానీ ప్రతి చుక్కకూ లెక్క ఉంటేనే పొదుపును ప్రణాళికలో చేర్చగలం. అందుకే 2021లో వచ్చిన నెలకు 20 వేల లీటర్ల ఉచిత పథకంలో నాకు నచ్చింది ఉచితం కాదు, బస్తీలు మినహా మిగతావాళ్లకు మీటరు ఉండాలన్న షరతు.

పొదుపుకూ ఓ చిక్కుంది. బోస్టన్‌లో పైపులకూ సొరంగాలకూ తెచ్చిన అప్పు వాడకం తగ్గిందని తగ్గదు. తక్కువ నీళ్ల మీదే ఆ ఖర్చంతా రాబట్టాలి కాబట్టి యూనిట్ ధర పెరుగుతుంది. పొదుపు చేసినందుకు జరిమానా కడుతున్నామని జనం విసుక్కుంటారు. ఇంకో నది సొరంగానికయ్యే అప్పు తప్పిందన్న సంగతి ఏ బిల్లులోనూ కనబడదు మరి. ఇప్పుడు మసాచుసెట్స్ జలవనరుల సంస్థ, సొంత బావులు కలుషితమైన చుట్టుపక్కల ఊళ్లను మా నీళ్లు తీసుకోండని పిలుస్తోంది. అమ్మకం పెరిగితే అందరికీ ధర కాస్త దిగుతుంది.

ఇక్కడే ప్లానర్లకు అసలు టెన్షన్. దుబారా ఉన్న ఊళ్లో కరువొస్తే ఆ దుబారాను కోసేయొచ్చు. లీకులు మూసి, ట్యాంకులు మార్చేసిన ఊళ్లో ఇంక కోయడానికి పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి మిగిలిన నీళ్లన్నీ కొత్త ఊళ్లకు రాసివ్వకుండా, 1960ల లాంటి కరువు మళ్లీ వస్తుందనే లెక్కతో ఎంత పక్కన పెట్టాలో ముందే తేల్చుకోవాలి.