వర్ధమాన దేశాల గనుల్లో పెట్టుబడి: అపోహలు, వాస్తవాలు

గనుల ప్రాజెక్టులను పెట్టుబడిదారుల తరఫున పరిశీలించి నివేదికలు ఇవ్వడం నా వృత్తి. వర్ధమాన దేశాల నుంచి వచ్చే ప్రతిపాదనల్లో ఖనిజం గురించి వందల పేజీలు ఉంటాయి. ఆ నేల మీద చెల్లే చట్టం గురించి, అక్కడ బతికే మనుషుల గురించి మాత్రం నాలుగు పేజీలకు మించి ఉండటం అరుదు. పెద్ద నష్టాలు తరచుగా ఆ నాలుగు పేజీల్లో చెప్పని విషయాల నుంచే వస్తాయి.

అపోహ: నివేదికలో ఇన్ని టన్నులని రాసి ఉంటే అంత ఆస్తి ఉన్నట్టే.

వాస్తవం: వనరు వేరు, నిల్వ వేరు. నేలలో ఉందని అంచనా వేసిన ఖనిజం వనరు. ఆస్ట్రేలియాలో 1989లో తొలిసారి వెలువడిన, గనుల అంచనాలను ఎలా ప్రకటించాలో చెప్పే జోర్క్ నియమావళి ప్రకారం వనరులు నమ్మకం పెరిగే క్రమంలో మూడు తరగతులు: ఇన్ఫర్డ్, ఇండికేటెడ్, మెజర్డ్. తవ్వకం, శుద్ధి, ధర, అనుమతులు, పర్యావరణం వంటివన్నీ లెక్కకట్టిన తరువాత లాభసాటిగా తీయవచ్చని తేలిన భాగానికే నిల్వ అన్న పేరు దక్కుతుంది. ఇన్ఫర్డ్ తరగతిలోని టన్నులను నేరుగా నిల్వగా చూపడానికి వీల్లేదు. అయినా ప్రచార పత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె చాలాసార్లు ఈ తరగతిదే.

అంకెతో పాటు ఆ అంకె పుట్టిన విధానాన్ని కూడా పరీక్షించాలి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో సుమారు 7 కోట్ల ఔన్సుల బంగారం ఉందని కెనడాకు చెందిన బ్రీ-ఎక్స్ సంస్థ ప్రకటించింది. నమూనాల్లో బయటి బంగారం కలిపారని 1997లో బయటపడింది. డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీని నిలువుగా చీల్చి, ఒక సగాన్ని ప్రయోగశాలకు పంపి, రెండో సగాన్ని భద్రపరచడం ఆనవాయితీ. బుసాంగ్‌లో ఆ కడ్డీలను చీల్చకుండా మొత్తంగా పొడి చేశారు కనుక, తిరిగి పరీక్షించడానికి మిగిలిన సగమంటూ లేదు. ఆ మోసం తరువాత కెనడా 2001లో కొత్త నిబంధనలు తెచ్చి, అర్హత గల నిపుణుడు బాధ్యత వహించి సంతకం చేయడాన్ని తప్పనిసరి చేసింది. నేను ఏ గనికి వెళ్లినా నివేదిక తెరవకముందే ఆ రాతి కడ్డీలను భద్రపరిచే కోర్ షెడ్డు తాళం తీయించమని అడుగుతాను. తాళం తీయడానికి ఎవరైనా తటపటాయిస్తే, ఆ తటపటాయింపు కూడా నా నివేదికలోకి ఎక్కుతుంది.

అపోహ: గ్రేడ్ (రాతిలో లోహం పాలు) ఎక్కువైతే ప్రాజెక్టు మంచిదే.

వాస్తవం: గినియాలోని సిమాండూ ఇనుప ఖనిజం ప్రపంచంలోనే మేలురకాల్లో ఒకటి. 600 కిలోమీటర్లకు పైబడిన రైలు మార్గం, దాని చివర ఒక ఓడరేవు లేకుండా దాన్ని అమ్మే దారి లేకపోవడంతో, యాజమాన్య వివాదాలు కూడా తోడై, దశాబ్దాలపాటు అది కొండలోనే ఉండిపోయింది.

అపోహ: ప్రభుత్వంతో ఒప్పందం కుదిరితే, అందులో పన్నులు, షరతులు మార్చబోమన్న స్థిరత్వ నిబంధన కూడా ఉంటే, భయం లేదు.

వాస్తవం: ఈ అపోహ ఖరీదు అన్నిటికంటే ఎక్కువ. డబ్బు పెట్టకముందు బేరమాడే బలం పెట్టుబడిదారుది. పెట్టిన తరువాత గనిని ఎత్తుకుని మరో దేశానికి పోలేడు కనుక, ఆ బలం ప్రభుత్వం చేతికి మారుతుంది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం 2018 గనుల చట్టంతో, అంతకుముందు చట్టం ఇచ్చిన పదేళ్ల స్థిరత్వ హామీని తొలగించింది. అదే ఏడాది కోబాల్ట్‌ను వ్యూహాత్మక ఖనిజంగా ప్రకటించి, రాయల్టీని (తీసిన ఖనిజం విలువపై ప్రభుత్వానికి కట్టే వాటాను) 10 శాతానికి పెంచింది.

పనామాలో జరిగింది మరింత ఆలోచించదగినది. కోబ్రే పనామా రాగి గని ఒప్పందానికి ఆధారమైన 1997 నాటి చట్టం రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశ సుప్రీంకోర్టు 2017లోనే తీర్పు చెప్పింది. అయినా నిర్మాణం సాగి, 2019లో ఉత్పత్తి మొదలైంది. 2023 అక్టోబరులో కొత్త ఒప్పందాన్ని చట్టం చేయగానే జనం వీధుల్లోకి వచ్చారు. నవంబరులో కోర్టు దాన్ని కూడా కొట్టివేసింది. ప్రపంచ రాగి ఉత్పత్తిలో దాదాపు 1 శాతం ఇచ్చే గని మూతపడింది. ప్రమాదం ముందుగా కనిపించలేదని ఎవరూ అనలేరు. ఆరేళ్లపాటు అది తీర్పు ప్రతిలోనే అందరికీ కనిపిస్తూ ఉంది. అందుకే నేను ఒప్పందం చదవడానికి ముందు, దానికి పునాది అయిన చట్టం మీద కోర్టుల్లో నడుస్తున్న కేసులను చదువుతాను.

వివాదాన్ని దేశం బయటి ట్రిబ్యునల్ ముందుకు తీసుకెళ్లే అంతర్జాతీయ మధ్యవర్తిత్వం ఉంది కదా అని కొందరు అడుగుతారు. పాకిస్తాన్‌లోని రెకో దిక్ గని లీజును ఒక విదేశీ సంస్థకు 2011లో నిరాకరించారు. పాకిస్తాన్ సుమారు 580 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలన్న తీర్పు 2019లో వచ్చింది. కథ 2022లో రాజీతో ముగిసింది. పదకొండేళ్లు ఎదురుచూడగల స్తోమత ఎందరు పెట్టుబడిదారులకు ఉంటుంది?

అపోహ: ఎగుమతి నిషేధం వస్తే అవకాశం మూసుకుపోయినట్టే.

వాస్తవం: ముడి నికెల్ ఎగుమతిని ఇండోనేషియా 2020 జనవరి నుంచి నిషేధించింది. ముడి ఖనిజం అమ్ముకునేవారికి అది దెబ్బే గాని, అక్కడే శుద్ధి కర్మాగారాలు కట్టినవారికి తలుపు తెరుచుకుంది. అయితే ఆ ఉత్పత్తి వెల్లువెత్తి ధర పడిపోవడంతో, 2024లో ఆస్ట్రేలియాలోని పలు నికెల్ గనులు కూడా ఆగాయి. ఒక దేశపు విధానం మరో దేశంలోని గని లెక్కను తలకిందులు చేయగలదన్నమాట.

అపోహ: రాజధానిలో అనుమతి వచ్చాక స్థానికుల విషయం చిన్నది.

వాస్తవం: పాపువా న్యూగినీ ప్రభుత్వ ఆదాయంలో పెద్ద వాటా ఇచ్చిన, బూగెన్‌విల్ ద్వీపంలోని పాంగునా రాగి గని 1989లో మూతపడింది. వ్యర్థాలు నదిలో కలుస్తున్నాయని, తమ నేలకు తగిన వాటా దక్కలేదని బూగెన్‌విల్ ప్రజలలో రగిలిన ఆగ్రహం అంతర్యుద్ధానికి దారితీసింది. ఆ గని ఇప్పటికీ తెరుచుకోలేదు. పోయింది పెట్టుబడి మాత్రమే కాదు, వేల ప్రాణాలు. స్థానికుల సమ్మతిని ఖర్చుల పట్టికలో ఒక వరుసగా చూసే నివేదికను నేను వెనక్కి పంపుతాను.

అపోహ: దేశం ప్రమాదకరమైతే డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించి చూపే శాతం) కాస్త పెంచితే సరిపోతుంది.

వాస్తవం: ఇరవై ఏళ్ల తరువాత వచ్చే 100 రూపాయలు 8 శాతం రేటుతో నేటి విలువలో సుమారు 21 రూపాయలు, 12 శాతంతో సుమారు 10 రూపాయలు. రేటు పెంచడం జాగ్రత్తగా కనిపిస్తుంది గాని, అదే గుణకారం గని మూసివేత ఖర్చును కూడా సగానికి కుదిస్తుంది. దేశం ఎంత ప్రమాదకరమైతే చివరి బాధ్యత అంత చిన్నదిగా కనిపించే విపరీతం ఇక్కడే పుడుతుంది. ఖనిజం తీశాక మిగిలే బురదను నిలిపే వ్యర్థాల కట్టను ఇలా చిన్నచూపు చూడటానికి వీల్లేదు. బ్రెజిల్‌లోని బ్రుమాజీన్యోలో 2019 జనవరిలో తెగి 270 మందిని బలిగొన్న కట్టకు, అంతకు కొద్ది నెలల ముందే భద్రంగా ఉందన్న ధ్రువపత్రం ఇచ్చారు. ఆ కట్ట అప్పటికే వాడకంలో లేదు. కనుక రాయల్టీ పెంపు, ఏడాదిపాటు మూత, లీజు రద్దు వంటి ప్రతి సంభావ్యతకూ విడిగా నగదు లెక్క వేసి, మూసివేత ఖర్చును మాత్రం తక్కువ రేటుతో వేరే వరుసలో చూపిస్తాను. అలా చూపినప్పుడు కొన్ని ప్రాజెక్టుల విలువ సున్నాకు దిగువన తేలుతుంది. ఆ అంకెను అలాగే మొదటి పేజీలో రాస్తాను.