25 వేల ఏళ్ల దూరానికి ఒక కార్డు ముక్క

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. మొన్న చిన్ని అడిగినదానికి ఫోన్లో నేను చెప్పిందంతా బుజ్జిగాడి అల్లరిలో కలిసిపోయింది. అందుకే రాస్తున్నాను.

వేరే నక్షత్రాల దగ్గర ఎవరైనా ఉంటే వాళ్లకి ఫోన్ చెయ్యొచ్చు కదా అన్నావు. చెయ్యొచ్చమ్మా. కాకపోతే సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. రేడియో కబురు కాంతి వేగంతో పోయినా అక్కడికి చేరడానికి 4 ఏళ్ల పైచిలుకు పడుతుంది, జవాబు రావడానికి మళ్లీ అంతే. రెండో తరగతిలో నువ్వు "హలో" అంటే, "ఎవరూ?" అని పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉండగా వినపడుతుంది.

కాబట్టి ఇది ఉత్తరం రాసే వ్యవహారం. "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అనడానికి వీల్లేదు. చెప్పేదంతా ఒకేసారి, మన భాష రానివాళ్లకి తెలిసేలా చెప్పాలి. 1974 నవంబర్ 16న అలాంటిదొకటి పంపారు. ప్యూర్టోరికోలోని అరెసిబోలో 305 మీటర్ల వెడల్పున్న రేడియో డిష్ ఉండేది. ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు తయారుచేసిన కబురు అక్కడి నుంచి మూడు నిమిషాల్లోపే వెళ్లిపోయింది. (నిజానికి డిష్‌కి కొత్త హంగులు పెట్టిన సందర్భంగా, దాని సత్తా చూపించడానికి పంపిందే ఎక్కువ.) అందులో అక్షరం ముక్క లేదు. 1679 ఒకట్లూ సున్నాలూ, అంతే.

ఆ 1679లోనే ఉంది కిటుకు. అది 23ని 73తో గుణిస్తే వచ్చేది. రెండూ ప్రధాన సంఖ్యలు కాబట్టి ఇంకోలా విడగొట్టలేం. అమ్మ ముగ్గు వేసేటప్పుడు చూశారుగా, వరసకెన్ని చుక్కలో తెలిస్తేనే ముగ్గు కుదురుతుంది. ఇదీ అంతే. వరసకి 23 చొప్పున 73 వరసలు పేర్చి, ఒకటి ఉన్న గడులు నింపితే బొమ్మ తేలుతుంది: అంకెలు, మనిషి, సూర్యుడు, గ్రహాలు, ఆ డిష్.

నాకు మరీ ముచ్చటేసింది మనిషి ఎత్తు చెప్పిన తీరు. మీటరంటే వాళ్లకేం తెలుసు? అందుకని కబురు మోసుకెళ్లే తరంగం పొడవునే కొలతగా పెట్టుకున్నారు. అది 12.6 సెంటీమీటర్లు. మనిషి దానికి 14 రెట్లు. గుణించి చూడండి, 176 సెంటీమీటర్లు వస్తుంది. కొలబద్దని కూడా ఉత్తరంలోనే పెట్టి పంపారన్నమాట!

పంపింది ఎం13 అనే నక్షత్రాల గుంపుకి. సుమారు 25 వేల కాంతి సంవత్సరాల దూరం, అంటే కాంతి వేగంతో పోయినా 25 వేల ఏళ్లు పడుతుంది. ఆ దూరాన్ని హైదరాబాద్ నుంచి తిరుపతికి బస్సు ప్రయాణం అనుకుంటే, యాభై ఏళ్లు దాటినా మన కబురు ఒక్క కిలోమీటరే వెళ్లింది. ఈలోపే అందులోని సంగతులు పాతబడ్డాయి. మనుషులు 430 కోట్లు అని రాశారు, ఇప్పుడు 800 కోట్లు దాటాం. తొమ్మిదో గ్రహంగా వేసిన ప్లూటోని 2006లో గ్రహాల లెక్కలోంచి తీసేశారు. ఆ డిష్ 2020 డిసెంబర్ 1న కుప్పకూలింది.

ఇలాంటి కబురే ఇంకొకటుంది. 1977లో బయల్దేరిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల్లో బంగారు పూత రికార్డులున్నాయి. వాటిలో 55 భాషల్లో పలకరింపులు. తెలుగు కూడా ఉందర్రా! నమస్తే చెప్పి, తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెబుతుంది. వినేవాళ్లకి ఒక్క ముక్కా అర్థం కాకపోవచ్చు. అయినా నాకు గణితం ఉత్తరం కన్నా ఇదే ఎక్కువ నచ్చింది, ఏం చెయ్యను.

సరే, మీకూ ఒక కబురు పంపుతున్నాను. మొత్తం 35 అంకెలు:

00100011101111110001101011010111111

35 ఏ రెండు సంఖ్యలు గుణిస్తే వస్తుందో చూసుకుని గళ్ల కాగితం మీద పేర్చండి. ఒక రకంగా పేరిస్తే గజిబిజి. రెండో రకంగా పేరిస్తే ఏం కనపడిందో రాయండి. వాట్సాప్‌లో కాదు, కార్డు మీద.

మీ తాతయ్య